ఓడలు నిద్రపోయిన ఒడ్డు



గ్రీసు దేశం అనగానే చాలామందికి ఒకే బొమ్మ గుర్తొస్తుంది. సున్నం కొట్టిన తెల్లటి గోడలు, నీలం రంగు గుమ్మటం, వెనక చెట్టూ చేమా లేని బోడి కొండ. అది తూర్పున ఏజియన్ సముద్రంలో ఉన్న దీవుల సంగతి. ఇవాళ మనం వెళ్లేది పడమటి ఒడ్డుకు. అక్కడి సముద్రం అయోనియన్, అక్కడి నేల ఎపిరస్. కొండలు వరసగా వచ్చి తిన్నగా నీళ్లలోకి దిగిపోయే ప్రాంతం. చలికాలంలో వాన దంచికొడుతుంది కాబట్టి పచ్చదనానికి కరువు లేదు. ఇళ్ల మీద ఎర్ర పెంకులు. ఆలివ్ తోటలు, సైప్రస్ చెట్లు, పైన్ చెట్లు నీటి అంచు దాకా వస్తాయి. కొన్నిచోట్ల పైన్ కొమ్మల నీడలోనే ఈత కొట్టొచ్చు.

ఆ ఒడ్డున సీవొతా అని ఒక ఊరుంది. పాత పేరు మూర్తోస్. పడవల మీద తిరిగేవాళ్లు ఇప్పటికీ ఆ పేరు వాడుతుంటారు. ఉత్తరాన ఇగుమెనిత్సా అనే పెద్ద రేవు పాతిక కిలోమీటర్ల దూరం. ఎదురుగా సముద్రం మీద కోర్ఫు దీవి దక్షిణపు కొస, ఇంకాస్త ఎడమకు పాక్సోస్ దీవి కనిపిస్తాయి. ఊరు పెద్దదేం కాదు. ఒక రేవు, రేవు పొడుగునా టావెర్నాలు, అంటే అక్కడి భోజన హోటళ్లు, వాటి వెనక మెట్లు మెట్లుగా ఇళ్లు. ఎండాకాలంలో జనం కిటకిటలాడతారు. నవంబరు వచ్చిందంటే సగం తలుపులకు తాళాలు పడతాయి.

ఊరికి ఎదురుగా చిన్న దీవులున్నాయి. ముఖ్యమైనవి మూడు. అయోస్ నికొలావోస్, మావ్రో ఓరోస్, మూర్తెమెనో. మొదటిది నావికులను కాపాడతాడని గ్రీకులు నమ్మే సాధువు పేరు. మూడింటిలో ఎక్కడా ఊళ్లు లేవు. ఉన్నవి పొదలు, రాళ్లు, చెట్లు, వాటి మధ్య చిన్న చిన్న తీరాలు. చిన్నవంటే మరీ చిన్నవి. మన విశాఖ బీచి రోడ్డుకో, మైపాడుకో అలవాటుపడ్డవాళ్లు ఇక్కడి తీరాన్ని చూస్తే ఇదేనా అంటారు. కొన్ని పల్లెటూరి కళ్లం అంతే ఉంటాయి. మూడు కుటుంబాలు వచ్చి తువ్వాళ్లు పరిస్తే నాలుగో కుటుంబం పక్క తీరం చూసుకోవాల్సిందే. అయితే పక్క తీరం ఎంతో దూరం ఉండదు, ఒక రాతి మలుపు దాటితే చాలు. ఊరికి దక్షిణంగా జావియా, మెగా అమ్మోస్, మిక్రి అమ్మోస్ అని వరసగా ఉంటాయి. వీటిలో మెగా అమ్మోస్ కాస్త పెద్దది, ఇసుక ఉన్నది. మిగతా చాలాచోట్ల గులకరాళ్లే. జులై మధ్యాహ్నం వాటి మీద ఉత్త కాళ్లతో నాలుగు అడుగులు వేస్తే తెలుస్తుంది, అక్కడివాళ్లు నీళ్లలోకి కూడా రబ్బరు చెప్పులతో ఎందుకు దిగుతారో.

ఈ చిన్న తీరాల్లో బెల్లా వ్రాకా అనేదాని గురించి కాస్త ఆగి చెప్పాలి. ఒడ్డుకూ మూర్తెమెనో దీవికీ నడుమ ఇసుక, సన్నటి గులకరాళ్లు మేట వేసిన సన్నని పాయ అది. రెండు వైపులా సముద్రం. ఒడ్డు నుంచి దీవికి పడవ అక్కర్లేదు, నడిచి పోవచ్చు. నీళ్లు కొన్నిచోట్ల మోకాలి దాకా, కొన్నిచోట్ల నడుము దాకా వస్తాయి. చంటిపిల్లల్ని భుజాన ఎక్కించుకుని, చెప్పులు, తువ్వాలు నెత్తిన పెట్టుకుని జనం ఆ పాయలో నడిచిపోతుంటారు. మొదటిసారి దిగినప్పుడు నాకు వింతగా అనిపించింది లోతు కాదు, నిలకడ. అల వచ్చి తోసెయ్యదు. కాళ్ల కింద ఇసుకను లాగెయ్యదు. నీళ్లలో నా కాలిగోళ్లు నాకు కనిపిస్తున్నాయి. అడుగు తీసి అడుగు వేసినప్పుడు లేచిన ఇసుక దుమ్ము మళ్లీ నెమ్మదిగా అడుగుకు దిగడం కూడా కనిపిస్తోంది. వేలెడంత చేపలు గుంపుగా వచ్చి, ఆ దుమ్ములో ఏమైనా తిండి దొరుకుతుందేమోనని వెతుక్కుని, ఏమీ లేదని తేల్చుకుని వెళ్లిపోయాయి.

ఈ నిలకడకు కారణముంది. మధ్యధరా సముద్రానికి ఆటుపోట్లు లేవని కాదు, ఉన్నా లేనట్టే. జిబ్రాల్టర్ దగ్గర మహాసముద్రంతో కలిసే దారి మరీ ఇరుకు కావడంతో లోపలి నీరు పెద్దగా ఎక్కదు, దిగదు. ఈ ఒడ్డున ఆ తేడా ఒక జానెడు ఉంటే ఎక్కువ. మన విశాఖలో పౌర్ణమికీ అమావాస్యకూ సముద్రం మీటరుకు పైగా ఎక్కి దిగుతుంది. అలాంటి సముద్రం ముందు ఇలాంటి సన్నటి ఇసుక పాయ ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇక్కడ పొద్దున నడిచి దీవికి వెళ్లినవాడు సాయంత్రం ఏ లెక్కలూ చూసుకోకుండా అలాగే నడిచి తిరిగి రావచ్చు.

ఇక నీళ్ల రంగు. అందరూ ఫొటోలు తీసుకునేది దానికోసమే. దీవుల్లో ఒకదాని మీద పిసీనా అని ఒక తీరం ఉంది. పడవలో తప్ప చేరలేం. పేరుకు తగ్గట్టే ఈతకొలనులా కనిపిస్తుంది. తెల్లటి అడుగు, దానిమీద లేత నీలం నీళ్లు. ఈ ఒడ్డంతా సున్నపురాయి. కొండ మీద పడ్డ వాన ఆ రాతి పగుళ్లలోంచి లోపలికి ఇంకిపోయి, చాలాచోట్ల సముద్రం అడుగునే ఊటగా పైకి వస్తుంది. వెచ్చటి నీళ్లలో ఈదుతూ ఉండగా ఉన్నట్టుండి ఒక చల్లటి చార ఒంటికి తగులుతుంది. అది ఊట. బురద తెచ్చే నదులు ఈ ఒడ్డున రెండే, ఉత్తరాన కలమాస్, దక్షిణాన అకెరాన్. ఈ రెంటి నడుమ చెప్పుకోదగ్గ నది లేదు. మన తీరంలో గోదావరి, కృష్ణ తెచ్చిపోసే ఒండ్రు వల్ల నీళ్లకు ఆ మట్టిరంగు వస్తుంది. ఆ ఒండ్రుతోపాటే చేపలకు తిండి కూడా వస్తుంది. సీవొతాలో నీళ్లు అద్దంలా ఉన్నాయంటే వాటిలో చేపలకు తిండి అంతంతమాత్రం అని అర్థం. మన కంటికి ఇంపైన సముద్రం చేపకు కరువు సీమ. టావెర్నాలో పళ్లెం నిండా వచ్చే చిపూరా అనే చేప, లావ్రాకి అనే చేప చాలావరకు పెంపకం చేపలే. ఈ జిల్లా తీరంలో సముద్రంలోనే గుండ్రటి వలల గూళ్లు కట్టి పెంచుతారు. ఎవరైనా ఇది ఇవాళ పొద్దున పట్టిందే అంటే నవ్వి ఊరుకోవడం మంచిది. చిన్న చేపలు అడగండి. గావ్రోస్ అని నెత్తళ్ల జాతి చేప ఒకటుంది. పిండిలో దొర్లించి వేయించి, నిమ్మకాయ పిండి పెడతారు. దాన్ని ఎవరూ పెంచరు.

నీళ్లలో అక్కడక్కడా నల్లటి మచ్చలు కనిపిస్తాయి. చాలామంది వాటిని బండరాళ్లనుకుంటారు, కొందరు మురికి అనుకుంటారు. అది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. నాచు కాదు, వేరు, ఆకు, పువ్వు ఉన్న మొక్క. ఏడాదికి వేలు వెడల్పు పాకడమే గొప్ప. కాబట్టి మన కాళ్ల కింద కనిపించే గడ్డి మడి వందల ఏళ్లది అయి ఉండొచ్చు. ఇసుకను అడుగున పట్టి ఉంచేది, చేపపిల్లలకు చోటిచ్చేది అదే. చలికాలంలో దాని ఆకులు రాలి ఒడ్డున గోధుమరంగు కుప్పలుగా పడతాయి. ఆ పీచు అలల్లో దొర్లి దొర్లి నిమ్మకాయంత బంతులు అవుతుంది. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. సీజను మొదలుకాగానే తీరాన్ని శుభ్రం చేస్తున్నామని ట్రాక్టర్లతో ఆ కుప్పలన్నీ ఎత్తిపారేస్తే మరుసటి చలికాలపు తుఫాన్లకు కింది ఇసుక కూడా పోతుంది. పడవలవాళ్లు ఆ మడి మీద లంగరు వేస్తే ఇంకా చేటు. లంగరు లేచేటప్పుడు పీక్కొచ్చిన గడ్డి మళ్లీ అల్లుకునేసరికి మన మనవలు పెద్దవాళ్లవుతారు.

పడవల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. గ్రీసులో 30 అశ్వశక్తి దాకా ఇంజన్ ఉన్న చిన్న పడవను లైసెన్సు లేకుండానే అద్దెకిస్తారు. సీవొతా రేవులో పొద్దున్నే ఆ పడవలు వరసగా కట్టి ఉంటాయి. పది నిమిషాలు పాఠం చెప్పి, ఎక్కడికి వెళ్లొచ్చో ఎక్కడికి వెళ్లకూడదో పటం మీద చూపించి, తాళం చేతిలో పెడతారు. పొద్దున్నే బయల్దేరండి అని మాత్రం గట్టిగా చెబుతారు. ఈ సముద్రంలో ఎండాకాలం మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి మాయిస్త్రోస్ అనే గాలి లేస్తుంది, పొద్దుగూకేసరికి పడిపోతుంది. మర పడవకు అది పెద్ద ఇబ్బంది కాదు. తెడ్లతో నడిచే ఓడకైతే వేరే సంగతి.

నేను ఇంతసేపూ తీరాలు, లోతులు, గాలులు అంటూ చెబుతూ వచ్చింది తెడ్ల ఓడల గురించి చెప్పడానికే. బెల్లా వ్రాకా పాయలో నడుము లోతు నీళ్లలో నిలబడి చుట్టూ ఒకసారి చూస్తే, గ్రీకు చరిత్రను తలకిందులు చేసిన ఒక యుద్ధానికి రంగస్థలమంతా కనిపిస్తుంది. క్రీస్తు పూర్వం 433లో ఈ దీవుల దగ్గర కోర్ఫు నౌకాదళానికీ కొరింత్ నగరపు నౌకాదళానికీ యుద్ధం జరిగింది. చరిత్రకారుడు థుసిడిడీస్ తన గ్రంథం మొదటి భాగంలోనే దాన్ని వివరంగా రాశాడు. అప్పటిదాకా గ్రీకులూ గ్రీకులూ తలపడ్డ సముద్ర యుద్ధాల్లో ఓడల లెక్కన ఇదే అన్నిటికంటే పెద్దదని కూడా అన్నాడు.

ముందు ఆ ఓడ సంగతి తెలియాలి. దాన్ని ట్రైరీము అంటారు. మూడంతస్తులుగా కూర్చున్న 170 మంది తెడ్లు వేస్తారు. మొత్తం సిబ్బంది 200. ఓడ పొడవు దాదాపు 37 మీటర్లు. ముందు కొసన కంచుతొడుగు వేసిన పోటు. అంతమంది అంత సన్నటి ఓడలో కూర్చుంటే ఇక వండుకోవడానికి చోటేది? పడుకోవడానికి చోటేది? తాగే నీళ్లకు సైతం కటకటే. పైగా ఆ ఓడ కట్టడానికి వాడేది తేలికపాటి కర్ర. నీళ్లలోనే ఉంచేస్తే నీరు పీల్చి బరువెక్కుతుంది, పురుగు తొలుస్తుంది. అందుకని వీలైనప్పుడల్లా ఒడ్డుకు లాగి ఆరబెట్టాలి. మనుషులు దిగాలి, వండుకోవాలి, నిద్రపోవాలి. ఆ కాలపు సేనాపతికి సముద్రం మీద ఎంత పట్టున్నా, రాత్రికి దిగడానికి ఒక తీరం లేకపోతే దళమంతా దండగ. ఇవాళ మనం గొడుగు పాతి పడుకునే ఈ చిన్న తీరాలు అప్పట్లో సైనిక స్థావరాలు.

తగాదా ఎక్కడో మొదలైంది. ఇప్పటి అల్బేనియాలో డురెస్ అనే రేవు ఉంది. అప్పటి పేరు ఎపిడామ్నోస్. అది కోర్ఫు వాళ్లు వెళ్లి కట్టుకున్న ఊరు. కోర్ఫునేమో ఒకప్పుడు కొరింత్ వాళ్లు వచ్చి కట్టారు. ఎపిడామ్నోస్‌లో జనానికీ పెద్దలకూ కొట్లాట వచ్చింది. సాయం చెయ్యమంటే కోర్ఫు మొహం చాటేసింది, కొరింత్ ఎగేసుకుని వచ్చింది. తల్లికీ కూతురికీ మధ్య మనవరాలి విషయంలో పడ్డ పంచాయితీ అన్నమాట. 435లో కోర్ఫు ఒక సముద్ర యుద్ధం గెలిచింది. ఓడిన కొరింత్ రెండేళ్లు పట్టుబట్టి ఓడలు కట్టింది. కోర్ఫు భయపడి ఏథెన్స్ గుమ్మం తొక్కింది. కొరింత్ కూడా మనుషుల్ని పంపింది. ఏథెన్స్ జనసభ రెండుసార్లు కూర్చుంది. మొదటి సభలో మొగ్గు కొరింత్ వైపు ఉందట, రెండో సభకు కోర్ఫు వైపు తిరిగింది. చివరికి ఏథెన్స్ వాళ్లు మధ్యేమార్గం అనుకుని ఒక పని చేశారు. పది ఓడలు పంపారు. కొరింత్ వాళ్లు కోర్ఫు నేల మీద దిగబోతే తప్ప చెయ్యి చేసుకోవద్దని చెప్పి మరీ పంపారు. పోట్లాటకు వెళ్లి పోట్లాడకుండా నిలబడమనడం ఎంతవరకు సాగుతుందో మీరే ఊహించండి.

కోర్ఫు వాళ్లు 110 ఓడలతో వచ్చి ఈ దీవుల్లో ఒకదాని మీద మకాం వేశారు. కొరింత్ వాళ్లు 150 ఓడలతో వచ్చి ఇక్కడికి దక్షిణాన, అకెరాన్ నది పరిసరాల్లో ఖైమెరియోన్ అనే చోట దిగారు. ఏథెన్స్ పది ఓడలూ కలిపి 270. అన్నీ పూర్తి సిబ్బందితో ఉన్న ట్రైరీములే అనుకుంటే 50,000 మంది పైమాట. సీవొతా తీరాల మీద ఆ జనాన్ని ఊహించుకుంటే నాకు ముందు తట్టేది యుద్ధం కాదు, అంతమందికి మంచినీళ్లు ఎక్కడివన్న ప్రశ్న. కొరింత్ వాళ్లు మూడు రోజులకు సరిపడా తిండి కట్టుకుని రాత్రివేళ బయల్దేరారని థుసిడిడీస్ రాశాడు. తెల్లవారేసరికి ఎదురుగా కోర్ఫు ఓడలు కనిపించాయి.

యుద్ధం గొప్ప నేర్పుతో ఏమీ జరగలేదు. ఓడను చాకచక్యంగా తిప్పి ఎదుటి ఓడ పక్కటెముకల్లో పొడవడం ఏథెన్స్ వాళ్ల విద్య. వీళ్లది పాత మోటు పద్ధతి. పైతట్టు నిండా విలుకాళ్లను, ఈటెలవాళ్లను, కవచాలవాళ్లను నింపుకుని ఓడకు ఓడ ఆనించి కలబడడమే. నేల మీద యుద్ధాన్ని నీళ్ల మీదకు తెచ్చినట్టుందని థుసిడిడీస్ పెదవి విరిచాడు. ఒక వైపు కోర్ఫు ఓడలు 20 ఎదుటివాళ్లను తరిమి తరిమి, ఒడ్డున ఉన్న వాళ్ల మకాం దాకా వెళ్లి, ఖాళీ గుడారాలు తగలబెట్టి, సామాన్లు దోచుకున్నాయి. అదే కొంప ముంచింది. ఆ 20 ఓడలూ లేకపోవడంతో ఇంకోవైపు కొరింత్ వాళ్లు నెగ్గారు. ఏథెన్స్ ఓడలు మొదట ఊరికే బెదిరిస్తూ అటూ ఇటూ తిరిగాయి. కోర్ఫు వాళ్లు చిత్తవడం కళ్లారా చూశాక ఇక ఆగలేకపోయాయి. ఏథెన్స్‌వాడు, కొరింత్‌వాడు ఒకరి మీద ఒకరు చెయ్యి వేశారు.

కొరింత్ వాళ్లు దెబ్బతిన్న ఓడల్ని కట్టి లాక్కుపోయే పని పెట్టుకోలేదు. నీళ్లలో కొట్టుకుంటున్న మనుషుల మధ్యలోంచి ఓడలు నడుపుతూ చంపుకుంటూ పోయారు. తమ కుడివైపు దళం ఓడిపోయిందని వాళ్లకు తెలియదు. చంపినవాళ్లలో తమవాళ్లూ ఉన్నారు. రెండు పక్షాల ఓడలూ అంత దూరం పరుచుకుని కలిసిపోయేసరికి ఎవరు నెగ్గారో ఎవరు ఓడారో గుర్తుపట్టడం కష్టమైంది. ఇవాళ ఇదే నీళ్లలో ఒక్కొక్క మర పడవ మీద ఏ దేశం జెండా ఉందో ఒడ్డు నుంచే చదవొచ్చు.

సాయంత్రం మళ్లీ తలపడబోయారు. దాడికి ముందు పాడే పాట కూడా పాడేశారు. ఉన్నట్టుండి కొరింత్ ఓడలు వెనక్కి తెడ్లు వెయ్యడం మొదలుపెట్టాయి. కోర్ఫు వాళ్లకు ఏమీ అర్థం కాలేదు. దూరంగా వస్తున్న 20 ఓడలు కొరింత్ వాళ్లకే ముందు కనిపించాయి. పది చాలవని ఏథెన్స్ వెనకనుంచి పంపిన సాయం అది. మర్నాడు కొరింత్ వాళ్ల పరిస్థితి చూడండి. ఓడల నిండా కాపలా కాయాల్సిన ఖైదీలు, ఓడలు బాగుచేసుకుందామంటే నరమానవుడు లేని ఒడ్డు. ఒక చిన్న పడవలో మనుషుల్ని పంపి, మన మధ్య ఉన్న శాంతి ఒప్పందం తప్పింది మీరేనని ఏథెన్స్ వాళ్లను నిలదీశారు. పక్కనున్న కోర్ఫు వాళ్లు ఆ వచ్చినవాళ్లను పట్టుకుని చంపెయ్యమని కేకలు వేశారు. ఏథెన్స్ వాళ్లు మాత్రం మేం యుద్ధానికి రాలేదు, మా స్నేహితులకు సాయంగా వచ్చాం, కోర్ఫు వైపు తప్ప మీరెక్కడికైనా వెళ్లండి అన్నారు. కొరింత్ వాళ్లు ఇంటిదారి పట్టారు. పోతూ పోతూ ఒడ్డు మీద ఒక విజయస్తంభం నిలబెట్టారు. కోర్ఫు వాళ్లు దీవి మీద ఇంకో విజయస్తంభం నిలబెట్టారు.  కోర్ఫు పోగొట్టుకున్నవి 70 ఓడలు, కొరింత్ పోగొట్టుకున్నవి 30. రెండేళ్లకు, 431లో, ఏథెన్స్‌కూ స్పార్టాకూ మహాయుద్ధం మొదలై 27 ఏళ్లు సాగింది. దానికి ముందు జరిగిన రెండు మూడు ముఖ్యమైన గొడవల్లో ఇది ఒకటి.

ఈ సీవొతా యుద్ధానికి అక్కడ పెద్ద గుర్తులేం లేవు. చూడటానికి ఏదైనా కావాలంటే దక్షిణంగా పెర్దికా అనే ఊరి వైపు వెళ్లాలి. కరవోస్తాసి అని పొడవాటి ఇసుక తీరం ఉంది. దాని పైన గుట్ట మీద దిమోకాస్త్రో అని ఒక పాత పట్నం శిథిలాలు. గోడల రాళ్ల మధ్య కూర్చుంటే కింద సముద్రం కనిపిస్తుంది. క్రీస్తు పూర్వం 167లో రోమన్లు ఎపిరస్ మీద పడి 70 ఊళ్లు నాశనం చేసి, 1,50,000 మందిని బానిసలుగా పట్టుకుపోయారు. ఆ దెబ్బ తిన్న ఊళ్లలో ఇదీ ఒకటి.

ఇంకా దిగువకు వెళ్తే పార్గా. ఊరి ముందే పనగియా అని చిన్న దీవి, దానిమీద చిన్న చర్చి. ఈత వచ్చినవాళ్లు ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్లి వస్తారు. కొండ మీద వెనీసు వాళ్ల కోట. 1401 నుంచి 1797 దాకా ఈ ఊరు వెనీసు నీడన ఉంది. తర్వాత చేతులు మారి చివరికి బ్రిటిషు వాళ్ల రక్షణలోకి వచ్చింది. వాళ్లేమో 1819లో దాన్ని 1,50,000 పౌండ్లకు ఆటోమన్ పాలకుడు అలీ పాషాకు అప్పగించారు. ఊరివాళ్లు ఇక ఇక్కడ ఉండం అన్నారు. స్మశానంలో పెద్దల ఎముకలు తవ్వి తీసి, కాల్చి, ఆ బూడిద పట్టుకుని ఈ తీరం నుంచే కోర్ఫుకు పడవలెక్కారు. ఇటలీ చిత్రకారుడు ఫ్రాంచెస్కో హాయెజ్ 1831లో ఆ ఘట్టాన్ని పెద్ద చిత్రంగా వేశాడు. పార్గా గ్రీసులో కలిసింది 1913లో. ఇప్పుడు అదే ఒడ్డున ఐస్‌క్రీం దుకాణాలు. తప్పు పట్టడానికి లేదు, ఊళ్లు బతకాలి కదా. కానీ కోట ఎక్కినవాళ్లలో చాలామంది ఆ బూడిద సంగతి తెలియకుండానే దిగిపోతారు.

ఒడ్డు ఎవరిదన్న ప్రశ్న ఇప్పటికీ తీరలేదు. గ్రీసు చట్టంలో సముద్రపు ఒడ్డు ప్రజల సొత్తు, ఎవరూ కొనడానికి లేదు. ప్రభుత్వం కొన్ని ముక్కల్ని సీజనుకు కౌలుకిస్తుంది. కౌలుకు తీసుకున్నవాళ్లు గొడుగులు, పడక కుర్చీలు వేసి అద్దె వసూలు చేసుకుంటారు. రాను రాను ఆ కుర్చీలు నీళ్ల దాకా పాకాయి. 2023 వేసవిలో పారోస్ దీవి జనం తువ్వాళ్లు పట్టుకుని తీరాల మీదకు ఊరేగింపుగా వచ్చారు. మా తువ్వాలు పరుచుకునే చోటు మాకు కావాలన్నారు. పత్రికలు దానికి తువ్వాళ్ల ఉద్యమం అని పేరు పెట్టాయి. అది మిగతా దీవులకూ పాకింది. 2024లో కొత్త చట్టం వచ్చింది. నీటి అంచు నుంచి నాలుగు మీటర్లు ఖాళీ వదలాలి. తీరంలో పెద్ద భాగం జనానికి విడిచిపెట్టాలి. ప్రకృతి సంరక్షణ ప్రాంతాల్లో నిబంధనలు ఇంకా గట్టివి. ఎవరైనా హద్దు మీరితే ఫోనులోనే ఫిర్యాదు చేసేందుకు మైకోస్ట్ అనే యాప్ పెట్టారు. అదే ఏడాది 198 తీరాలను అసలు కుర్చీ వెయ్యకూడని తీరాలుగా ప్రకటించారు.

నా మట్టుకు నేను ఈ విషయంలో తువ్వాళ్లవాళ్ల పక్షం. అలాగని కుర్చీలవాళ్లందరినీ దుర్మార్గులనను. నాలుగు నెలల సంపాదనతో పన్నెండు నెలలు గడపాల్సిన ఊళ్లు అవి. అయినా కళ్లం అంత తీరంలో నాలుగు మీటర్లు వదిలితే, చాలాచోట్ల కుర్చీకి ఇక చోటే ఉండదు. అంత చిన్న తీరాలకు అదే మేలు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు ముక్కలు. జులై, ఆగస్టు వదిలెయ్యండి. మే నెలాఖరు, జూను, లేదంటే సెప్టెంబరు మంచిది. సెప్టెంబరులో నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, జనం తగ్గుతారు. విమానంలో కోర్ఫు చేరి, ఫెర్రీలో ఇగుమెనిత్సాకు గంటన్నరలో దాటొచ్చు. అక్కడి నుంచి రోడ్డు మార్గం. దక్షిణాన ప్రెవెజా దగ్గర కూడా విమానాశ్రయం ఉంది. కాళ్లకు రబ్బరు చెప్పులు మర్చిపోవద్దు. రాళ్ల సందుల్లో నల్లటి ముళ్ల బంతుల్లాంటి సముద్రజీవులుంటాయి, తొక్కితే ముళ్లు దిగిపోతాయి. బెల్లా వ్రాకాకు పొద్దున తొమ్మిది లోపే చేరండి. పడవ అద్దెకు తీసుకుంటే లంగరు ఇసుక మీదే వెయ్యండి, నల్ల మచ్చల మీద వద్దు. థుసిడిడీస్ పుస్తకం దొరికితే మొదటి భాగంలో 44వ ప్రకరణం నుంచి 55వ ప్రకరణం దాకా చదువుకుని వెళ్లండి. ఒక గంట పని. చదివాక కొరింత్ స్తంభం ఏ గుట్ట మీద పెట్టి ఉంటారో, కోర్ఫు స్తంభం ఏ దీవి మీద పెట్టి ఉంటారో మీలో మీరు వాదించుకోవచ్చు. పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.